ఓడ సరుకు

కారంపూడిలో ఎవరి మిరపకాయలకు తొడిమలు తీయాలన్నా ప్రేమకుమారి ముఠాకే కబురొచ్చేది. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆమెకు అదే పని. తొడిమ ఉన్న కాయ కోల్డ్ స్టోరేజీకి, తీసిన కాయ ఓడకు. ఓడ సరుకుకే మంచి ధర. చేతులు మంటెత్తిపోతే మజ్జిగలో ముంచుకుని, "ఎప్పటికైనా నా సొంత కాయలకు నేను తొడిమలు తీసుకుంటా, సూడండి" అనేది.

ఈ ఏడు ఎకరం కౌలుకు పట్టింది. పంట విరగకాసింది. కాయ ఎండగానే ముఠానంతా కల్లంలో కూర్చోబెట్టింది.

"బేరం కుదరకుండా తీయిస్తన్నావేందే, పిచ్చిదానా!" అంది ముఠాలో పెద్దదైన సీతమ్మ.

"ఓడలు ఏనాడన్నా ఆగినయ్యా అత్తా? నువ్వు తియ్యి."

గురజాల నుంచి వచ్చిన వ్యాపారి ఇర్ఫాన్ కాయను చేతిలోకి తీసుకుని మెచ్చుకున్నాడు. కొనలేదు.

"గల్ఫ్ దారి మూసేశారు పిన్నీ. ఓడలు కదలట్లా."

"ఎవురు మూసింది?"

"యుద్ధం. ఇన్నాళ్లూ సముద్రం మీద అమెరికావోడి పెత్తనం. ఆడు కసిరితే అందరూ సర్దుకునేవోళ్లు. ఇప్పుడు ఆడి మాట ఎవురూ ఇనట్లా."

"ముసలోడయ్యాడా ఏంది?"

"అట్టాగే అనుకో. పెద్దోడు మంచాన పడితే అన్నదమ్ములు కొట్టుకోరూ?"

"ఆళ్లు కొట్టుకుంటే మజ్జెన నా కాయలేం జేశాయిరా?"

ఇర్ఫాన్ చేతిలోని కాయను కుప్పలో వేసి బండెక్కాడు.

కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా బస్తా మూతి విప్పి చూసి మళ్లీ కట్టేశాడు. "తొడిమ లేని సరుకు నిలవదమ్మా. ఆ సంగతి నీకు నేను చెప్పాలా?"

అక్కర్లేదు. ఆ సంగతి ఆ ఊళ్లో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసే తీయించింది. ఓడ ఆగుతుందన్న సంగతి ఒక్కటే ఆమెకు తెలియలేదు.

బస్తాలు మళ్లీ కల్లానికే చేరాయి. అకాల వర్షం పట్టుకుంది. పట్టలు కప్పితే లోపల ఉక్క, తీస్తే జల్లు. తెరిపిచ్చాక సీతమ్మ ఒక కాయ విరిచి చూసి కింద పెట్టింది. లోపలంతా బూడిదరంగు బూజు.

మర్నాడు పొద్దున్నే ముఠా ఆడవాళ్లు ప్రేమకుమారి గుమ్మం ముందుకొచ్చారు. ఊళ్లో ఎవరూ తొడిమలు తీయించడం లేదు.

"పనేమన్నా ఉందా ప్రేమా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. వాళ్లు వెళ్లలేదు. వెళ్లడానికి వేరే చోటు లేదు. ఆమె కూడా వచ్చి వాళ్ల పక్కనే అరుగు మీద కూర్చుంది.