మోగుతోందో లేదో చూద్దామని

మా ఇంటి తలుపు నేను బంగాళాఖాతం అవతల కూర్చుని పగలగొట్టాను. గొడ్డలి ముట్టుకోలేదు, మనిషిని పురమాయించలేదు. ఒట్టి టెలిఫోన్‌తో పగలగొట్టాను. ఇలాంటి ఘనకార్యం చేసినవాడు ఇంకొకడెవడైనా ఉంటే నాకు చెప్పండి, ఇద్దరం కలిసి సంఘం పెట్టుకుంటాం. లేడనే నా నమ్మకం. ఎందుకంటే దీనికి తెలివితక్కువతనం ఒక్కటే చాలదు, దానికి తోడు బోలెడంత ఒంటరితనం కూడా ఉండాలి. అప్పట్లో నా దగ్గర రెండూ పుష్కలంగా ఉండేవి.

చేతిలో సెల్‌ఫోన్ ఉన్నవాడు వీధిలో అవసరానికి మించి గట్టిగా మాట్లాడే రోజులవి. నేను తణుకు దగ్గర ఊరి నుంచి వచ్చి, విశాఖపట్నం స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేస్తూ, క్వార్టర్లో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. పెళ్లి కాలేదు. అమ్మానాన్నా పోయారు. మిగిలిన చుట్టాలు శుభలేఖ మీద అడ్రసు రాయడానికి మాత్రం నన్ను గుర్తుపెట్టుకునేవారు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి కాలనీ అంతా నిద్రపోతూ ఉండేది, కాలనీ లేచేసరికి నేను నిద్రపోతూ ఉండేవాణ్ణి. గోడకి గోడ ఆనుకుని పక్క క్వార్టర్లో సింహాచలం గారు, ఆయన భార్య రవణమ్మ గారు ఉండేవారు. వాళ్లది విజయనగరం వైపు. ఎదురుపడితే ఆయన తలూపేవారు, నేనూ తలూపేవాణ్ణి. ఏళ్ల తరబడి మా స్నేహం మెడ దాటి కిందికి దిగలేదు.

జేబులో మోగని సెల్లు కాక, ఇంట్లో ఒక ల్యాండ్‌లైన్ ఉండేది. దానికి వచ్చే ఫోన్లలో ముప్పాతిక భాగం గ్యాస్ బండ కోసం. గ్యాస్ కంపెనీ నంబరుకీ నా నంబరుకీ ఒక్క అంకె తేడా. రాంగ్ నంబరని తెలిసినా వెంటనే పెట్టేసేవాణ్ణి కాదు. "బండ ఎప్పుడు అయిపోయిందండీ, పాపం వంటెలా చేస్తున్నారు?" అని పరామర్శించేవాణ్ణి. దీన్నిబట్టి నా పరిస్థితి మీరు ఊహించుకోవచ్చు.

అలాంటివాడు సెలవలు మురిగిపోతున్నాయని ఓడెక్కి అండమాన్ విహారానికి బయల్దేరాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంటారే, పక్కింటికి వెళ్లలేనివాణ్ణి పోర్ట్ బ్లెయిర్‌కి టికెట్టు కొన్నాను. టికెట్టు చేతికొచ్చిన మరుక్షణం నాకు పట్టుకున్న బెంగ సముద్రం గురించి కాదు, తుఫాను గురించి కాదు. నేను ఓడలో ఉన్నప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే ఎలా అని.

ఎవరైనా అంటే ఎవరు అని మీరు అడగకూడదు. నన్ను నేనే అడుక్కోలేదు.

గాజువాకలో సెల్‌ఫోన్ల కొట్టు రమణ ఉండేవాడు. కనిపించిన ప్రతి మగవాణ్ణీ బావా అని పిలిచేవాడు. అతని ముందు కూర్చుని, సముద్రం మధ్యలో కూడా నేను అందరికీ అందుబాటులో ఉండాలని, ఎంతైనా పరవాలేదని చెప్పాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"బావా, టవర్లు నేల మీదుంతాయి. సముద్రంలో సేపలుంతాయి," అన్నాడు.

తర్వాత ఓపిగ్గా ఒక్కొక్కటే విడమర్చాడు. రోమింగు పెట్టుకోవచ్చు గానీ ఓడ యారాడ కొండ కొస, డాల్ఫిన్ నోస్ దాటిందంటే సిగ్నల్ ఉండదు, అవతల అండమాన్లో ఈ కంపెనీ టవర్లే లేవు. ఓడలో శాటిలైట్ ఫోన్ ఉంటుంది, కానీ మనం బయటికి చేసుకోవడానికే, బయటివాళ్లు మనకి చెయ్యడానికి కాదు. ఇంకొకటి ఈమెయిలు. పక్కనే ఇంటర్నెట్ సెంటరుంది, ఒక ఐడీ తెరుచుకుంటే పోర్ట్ బ్లెయిర్లో చూసుకోవచ్చు.

వెంటనే వెళ్లి ఐడీ తెరిచాను. తీరా తెరిచాక ఎవరికివ్వాలో తోచలేదు. పనిచేస్తోందో లేదో చూద్దామని నాకు నేనే ఒక మెయిలు రాసుకున్నాను, "క్షేమంగా వెళ్లి లాభంగా రండి" అని. ఒక్క నిమిషంలో చేరింది. చాలా సంతోషం వేసింది. రోగం అక్కడే మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది.

తిరిగి కొట్టుకి వస్తే రమణ ఆఖరి ఉపాయం చెప్పాడు. నా సెల్‌కి వచ్చే ఫోన్లన్నీ వేరే నంబరుకి డైవర్ట్ చేసెయ్యడం. సెల్లు ఆపేసి ఉన్నా సరే, చేసినవాళ్లకి అక్కడ మోగుతుంది, అక్కడివాళ్లు ఎత్తి కబురు తీసుకుంటారు.

"ఎత్తడానికి మనిసున్న నంబరు ఒకటి సెప్పు బావా," అన్నాడు.

నేను ఆలోచించాను. షిఫ్టు ఇన్‌చార్జి గుర్తొచ్చాడు, ఆయన డ్యూటీలోనే నా ఫోన్ ఎత్తడు. మెస్సు నడిపే ఆయన గుర్తొచ్చాడు, మంగలి షాపు ఆయన కూడా గుర్తొచ్చాడు. రమణ వేలు ఫోన్ మీటల మీద పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు. వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఇంత పెద్ద ఊళ్లో ఒక్క నంబరు చెప్పలేకపోవడం ఎంత సిగ్గుగా ఉంటుందో అనుభవిస్తే గాని తెలీదు. గభాలున మా ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు చెప్పేశాను.

"ఇంట్లో ఎవులుంతారు?"

"ఉంటారు," అన్నాను.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చేసేవాడు లేడు, ఎత్తేవాడు లేడు, మధ్యలో డైవర్టు మాత్రం దివ్యంగా కుదిరింది.

బయల్దేరే రోజు ఇంకో తెలివైన పని చేశాను. మా క్వార్టర్లలో ముందు తలుపుకి తాళం వేలాడిందంటే దొంగలకి శుభలేఖ పంపినట్టే. అందుకని ఊరెళ్లేవాళ్లు ముందు తలుపు లోపలి నుంచి గడియ పెట్టి, వసారాలో లైటు వదిలేసి, వెనక తలుపు నుంచి బయటపడేవారు. వెనక తలుపుకి బయటికి కనపడని ఇంటర్‌లాకు. మిగతావాళ్లు పక్కింట్లో ఒక మాట చెప్పి మరీ వెళ్లేవారు. నేను చెప్పలేదు. చెప్పకుండా వెళ్తే ఈ మనిషి ఏమయ్యాడని ఎవరైనా అనుకుంటారేమో చూద్దామని చిన్న ఆశ. తెల్లారకుండానే పెట్టె పట్టుకుని పిల్లిలా జారుకున్నాను.

ఓడ కదులుతుంటే జెట్టీ మీద జనం చేతులూపారు. పైనున్నవాళ్లందరూ ఊపారు. నేనూ ఊపాను. కింద ఒక పోర్టర్ నన్ను చూసి వెనక్కి తిరిగి చూసుకున్నాడు, ఎవరికా అని. డెక్కు మీద అందరూ సిగ్నల్ పోయేలోపు ఆఖరి మాటలు మాట్లాడుకుంటున్నారు. నేను కూడా చెవి దగ్గర సెల్లు పెట్టుకుని, "ఆ, బయల్దేరాం, ఆ, తిన్నాను," అన్నాను. అటు ఎవరూ లేరు. యారాడ కొండ చిన్నదైపోయి, లైట్‌హౌసు కనపడకుండా పోయేదాకా అలా తింటూనే ఉన్నాను.

మర్నాడు శాటిలైట్ ఫోన్ దగ్గర వరసలో నిలబడ్డాను. నా ముందు ఒకాయన మనవరాలి దగ్గులో తేడా ఏమైనా ఉందా అని అడిగాడు. ఒకావిడ పెరుగు తోడు వెయ్యమని గుర్తు చేసింది. నా వంతు వచ్చింది. ఎవరికి అని అడిగాడు ఆఫీసరు. నా సెల్ నంబరే చెప్పాను. డైవర్టు పనిచేస్తోందో లేదో చూద్దామని.

మోగింది.

నా మాట నమ్మండి, ఆ చప్పుడు వినగానే రిసీవర్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. అక్కడెక్కడో మా ముందు గదిలో, కిటికీ పక్క స్టూలు మీద, ఆ ఎర్ర ఫోన్ మోగుతోంది. బల్ల మీద నేను వదిలొచ్చిన స్టీలు గ్లాసుకీ వినపడుతోంది, దండెం మీద లుంగీకీ వినపడుతోంది. ఎవరో మా ఇంటిని తలుచుకున్నట్టు అనిపించింది. ఎవరూ ఎత్తలేదు. ఎత్తరని నాకు తెలుసు. అయినా మోగినంతసేపూ, ఇప్పుడెత్తుతారేమో అనుకోవడానికి వీలుంది.

పోర్ట్ బ్లెయిర్లో దిగాక అందరూ సముద్రతీరాలకీ జైలు చూడ్డానికీ వెళ్లారు. నేనూ వెళ్లాను, కాదనను. కానీ పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి లాడ్జి పక్క ఎస్టీడీ బూతుకి వెళ్లేవాణ్ణి. రామేశ్వరం వెళ్లినా శనేశ్వరం వదలనట్టు, అండమాన్ వెళ్లినా మా ముందు గది నన్ను వదల్లేదు. బూతాయన శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాడు. ఎవరూ ఎత్తకపోతే బిల్లు పడదు గదా, మొదట్లో జాలిగా చూసేవాడు, తర్వాత విసుగ్గా.

"మీవోలు ఎత్తట్నేదు గదా బాబూ. ఊర్నో నేరేటి?"

"లేరు."

"నేరని తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు సేత్తన్నావు?"

"మోగుతోందో లేదో చూద్దామని."

ఆయన ఇంక నన్నేమీ అడగలేదు. పిచ్చివాళ్లని కదపకూడదని పెద్దలు చెప్పే ఉంటారు.

రేపు తిరుగు ఓడ అనగా, సాయంత్రం మామూలుగా నంబరు నొక్కాను. రెండో రింగు అవుతుండగా అవతల ఎవరో ఎత్తారు.

"అలో," అంది ఒక మగ గొంతు.

లోపల గడియ పెట్టిన ఇంట్లో, నా స్టూలు పక్కన, ఎవడో నిలబడి నా ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. దొంగే అనుకున్నాను. దొంగైనా ఎత్తాడని ఒక్క క్షణం సంతోషం కూడా వేసిందని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుపడను.

"ఎవరు నువ్వు?" అన్నాను.

"నాను పక్కింటి సింహాచలాన్ని. మీరెవులు బాబూ? ఈ ఇంటాయన మీకేటవుతారు?"

ఈ ప్రశ్నకి జవాబు మీరు చెప్పండి చూద్దాం. నేను నాకేమవుతాను? తెలిసిన వరసలన్నీ వెతుక్కున్నాను, ఒక్కటీ అతకలేదు. నా మౌనాన్ని ఆయన ఇంకోలా అర్థం చేసుకుని గొంతు తగ్గించారు.

"మనసు గట్టి సేసుకోండి. ఈ ఫోను పొద్దూ సాయంత్రం మోగతానే ఉంది, ఆయన ఎత్తడం నేదు. లైటెలగతంది, గడియ లోపట్నించి ఉంది. డిపార్ట్‌మెంట్లో అడిగితే సెలవు పెట్టేడన్నారు. జొరమొచ్చి లోపల పడిపోనాడేమో అనుకున్నాం. ఇప్పుడే తలుపిరగ్గొట్టేం. మంచం కింద కూడా సూసేం. మనిసి నేడు."

"నేనేనండీ ఆ మనిషిని," అన్నాను.

ఆ దెబ్బతో ఆయన మీరులోంచి నువ్వులోకి దిగారు.

"ఎక్కడున్నావు?"

"అండమాన్లో."

"రవణమ్మా," అని ఆయన అటు తిరిగి చెప్పడం వినిపించింది, "బతికే ఉన్నాడు. అండమాన్లో ఉన్నాడట." ఆ వెంటనే ఒక ఆడమనిషి ఏడుపు వినపడింది. నేనెప్పుడూ ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి, నా కోసం, మా ఇంట్లో నిలబడి ఏడుస్తోంది. రిసీవర్ పట్టుకుని నేనూ ఏడ్చాను. బూతాయన కంగారు పడి మంచినీళ్లు ఇచ్చాడు.

తిరుగు ఓడలో నేను శాటిలైట్ ఫోన్ వైపు వెళ్లలేదు. ఎవరి కోసం మోగించాలి, ఇప్పుడు ఇంట్లో మనుషులున్నారు. నిజంగానే ఉన్నారు. ఇంటికి చేరేసరికి విరిగిన తలుపుకి చెక్కలు అడ్డం పెట్టి, సింహాచలం గారు మా ముందు గదిలో చాప వేసుకుని కాపలా పడుకుంటున్నారు. తలుపు విరగ్గొడతామంటే సెక్యూరిటీవాళ్లు మీరేమవుతారని అడిగారట. రవణమ్మ గారు ఒక్క క్షణం కూడా తడుముకోకుండా తమ్ముడన్నారట. నేను సముద్రం అవతల అంతసేపు వెతికినా దొరకని వరస.

వాళ్లింట్లోనే భోజనం పెట్టారు. చేపల పులుసు. రెండో వాయి అన్నం వడ్డిస్తూ సింహాచలం గారు చీవాట్లు పెట్టారు, సెప్పకుండా ఎల్లిపోతారేటి ఎవులైనా అని. తలొంచుకుని తింటున్నాను. అప్పుడు రవణమ్మ గారు గరిటె చేత్తో పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నారు.

"అది సరే తమ్ముడూ. ఆఖర్న సేసింది నువ్వు. అంతకు ముందల రోజూ పొద్దూ సాయంత్రం విడవకుండా సేసినోలెవులు?"

"ఏమోనండీ, తెలీదు."

"తెలీకపోడమేటి. ఎత్తకపోనా ఇసుగు నేకుండా అన్నేసి సార్లు సేసిందంటే, నీ మీద పేణం పెట్టుకున్న మనిసే. అంత పేమగా సూసుకునే మనిసిని వొదిలేసి, ఇక్కడ ఒంటిగా ఉంతన్నావేటి నాయినా?"

ముద్ద గొంతులో అడ్డం పడింది. ముల్లనుకుని ఆవిడ ఉత్త అన్నం మింగమన్నారు. మింగాను. నిజం కూడా దాంతోపాటే మింగాను. ఇవాళ్టి వరకూ ఆవిడకి చెప్పలేదు. ఆవిడ ఇది చదివే ప్రమాదముంది కాబట్టి పేర్లన్నీ మార్చాను.

అందుచేత పాఠక మహాశయులారా, యారాడ కొండ సాక్షిగా, కొత్త తలుపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నా నంబరుకి నేను ఫోన్ చెయ్యను. నాకు నేను మెయిలు రాసుకోను. పక్కింట్లో తాళంచెవి ఇవ్వకుండా పాలప్యాకెట్టుకి కూడా వీధి దాటను. ఎక్కడికెళ్లినా, చేరగానే రవణమ్మ గారింటికి ఫోన్ చేస్తాను. చెయ్యకపోతే తలుపులు విరగ్గొట్టే అలవాటున్న మనుషులు మరి.

మొన్న అన్నవరం వెళ్లి బస్టాండులోంచే చేశాను. మోగుతోందో లేదో తెలీలేదు. మోగేలోపే ఎత్తేశారు.