ఎమ్మెల్యే సీటు

ఆ రోజుల్లో ఎర్ర బస్సుల్లో ఒక కిటికీ మీద “శాసనసభ్యులకు” అని రాసి ఉండేది. రోజూ ఆ సీటులో కూర్చునేదాన్ని నేనే. ఎమ్మెల్యేలు బస్సెక్కగా ఎవరు చూశారు గనక!

ఊళ్లో పొలాలు ఒక్కొక్కటే ఫామ్‌హౌస్‌లవుతున్న కాలం. ఒక పొద్దున చేవెళ్లలో తెల్లబట్టల ముసలాయన ఎక్కాడు.

“పాత ఎమ్మెల్యే సాబ్ వచ్చిండు, జర లెవ్వమ్మా,” అన్నాడు కండక్టరు.

“కూసో బిడ్డా, నేను ఓడిపోయి శానా ఏండ్లాయె,” అంటూ ఆయన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

దారిలో ఎక్కిన ఒక ముసలమ్మ ఆయన్ను గుర్తుపట్టింది. ఓడిపోయిన సంగతి ఆమెకు తెలియదు. “సారూ, రేషన్ కార్డుల నా పేరు కొట్టేసిన్రు,” అని దరఖాస్తు చేతిలో పెట్టింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నేను చూస్త అక్కా, ఫికర్ చెయ్యకు.”

ఆమె దిగిపోయాక ఉండబట్టలేక అడిగాను. “ఇప్పుడు ఎమ్మెల్యే కాదని చెప్పకపోతిరేంది?”

“చెప్తే ఆ కాగితం పట్కొని మళ్ల ఆమెనే తిరగాలె గద!”

మొయినాబాద్‌లో దిగాడు. బస్సు కదులుతుంటే వెనక్కి తిరిగి చూశాను. మండలాఫీసు ముందు ఎండలో పొడుగాటి లైను. ఆయన కాగితం చేతిలోకి తీసుకుని, అందరికంటే చివర నిలబడ్డాడు.