మరీ ఎర్రగా ఉన్న మట్టి

కెమెరా మోసి మోసి నా కుడి భుజం ఎడమ భుజం కన్నా కాస్త కిందికి దిగిపోయింది. ఆ సంగతి నాకు చెప్పింది డాక్టర్ కాదు, చొక్కా కొలతలు తీసుకుంటున్న దర్జీ. సినిమా ఛాయాగ్రాహకుడిగా ఇన్నేళ్లు పనిచేసి ఒంటికి సంపాదించుకున్నది అదే.

నేను తీసిన పల్లెటూళ్లు దాదాపు అన్నీ గోదావరి వైపువే. కొబ్బరి చెట్లు, కాలవగట్లు, పచ్చటి వరి. పల్లె అంటే సినిమావాళ్లకు అదే. నేను పుట్టి పెరిగింది మాత్రం జహీరాబాద్‌లో. ఇక్కడి నేల ఎరుపు. వాన పడి వెలిసిన సాయంత్రం ఆ ఎరుపు ఎలా వెలుగుతుందో చిన్నప్పటి నుంచీ నా కళ్లలో ఉంది కానీ, దాన్ని తెరకెక్కించే అవకాశం ఎన్నడూ రాలేదు.

రెండేళ్ల కిందట ఒక కొత్త దర్శకుడు తన కథకు మెట్టపొలాల ఊరు కావాలన్నాడు. నేను వెంటనే మా వైపు తీసుకొచ్చాను. కోహీర్ దారిలో ఒక అల్లం చేను చూపిస్తే అతనికీ నచ్చింది. ఆ చేను మా బావ దోస్తుది. తండ్రి చనిపోయాక హీరో తిరిగొచ్చి, చేలో కూర్చుని చేతులతో మట్టి తవ్వి అల్లం బయటికి తీసే సన్నివేశం అక్కడ తీయాలి.

షూటింగ్ రోజు మా అక్క జొన్నరొట్టెలు, పుంటికూర కట్టుకుని వచ్చింది. పొద్దున్నుంచి గొడుగు కింద కూర్చుని నన్నే చూసింది. నేనేమో మబ్బుల్ని, ఎండని, హీరోగారి వ్యాన్ తలుపుని మార్చి మార్చి చూస్తున్నాను.

"గిదేనా తమ్మీ నీ పని? పొద్దంత మొగులు దిక్కు చూసుడేనా?" అంది.

"గిదే అక్కా," అన్నాను.

హీరో ఎండ వాలిన తర్వాత వ్యాన్ దిగాడు. ఆ ఆలస్యం మాకు కలిసొచ్చింది. ముందురోజు వానకు తడిసిన చేను, ఏటవాలు వెలుగు, అతని వేళ్ల సందుల్లోంచి రాలుతున్న ఎర్రమట్టి. కెమెరా భుజం మీద పెట్టుకుని నేనే తీశాను. షాట్ అయ్యాక నొప్పి కూడా తెలియలేదు. చాలా ఏళ్ల తర్వాత నా పని నాకు నచ్చింది.

కొన్ని నెలల తర్వాత హైదరాబాద్‌లో సినిమాకు రంగులు సరిచేసే గదిలో కూర్చున్నాం. ఆ సన్నివేశం రాగానే దర్శకుడు ఆపమన్నాడు.

"సార్, మట్టి మరీ ఎర్రగా ఉంది. జనం నమ్మరు."

"అక్కడ అలాగే ఉంటుంది."

"ఉంటుంది సార్, కాదనను. తెర మీద మాత్రం సెట్ వేసినట్టుంది. మిగతా సినిమా అంతా డల్‌గా పోతోంది కదా, ఇదొక్కటీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది."

వయసులో ఉండగా ఇంతకంటే చిన్న మాటకే సినిమాలు వదిలి వచ్చేశాను. ఆ రోజు మాత్రం ఒంట్లో పోట్లాడే ఓపిక లేదు. పైగా అతను చెడ్డవాడు కాదు, తన సినిమా గురించి తాను భయపడుతున్నాడు. "సరే, కొంచెం తగ్గించండి," అన్నాను. కొంచెం తగ్గింది. ఇంకొంచెం అన్నాడు. చివరికి మట్టి బూడిద రంగుకు వచ్చింది. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను.

సినిమా విడుదలైనప్పుడు అక్క జహీరాబాద్‌లోనే, నాతోనే చూస్తానని పట్టుపట్టింది. మ్యాట్నీకి వెళ్లాం. చేను యజమాని కూడా భార్యాపిల్లలతో వచ్చాడు. అతని భార్య పండగకు కట్టుకునే బట్టలు కట్టుకుంది. ఆ సన్నివేశం వచ్చింది, పోయింది.

అక్క నా చెవి దగ్గర మెల్లగా అడిగింది. "తమ్మీ, గిది యాడ తీసిన్రు?"

"మన కోహీర్ తొవ్వల చేనే అక్కా."

"మట్టి గట్లున్నదేంది మరి, సిమెంటు లెక్క?"

"రంగు మార్చినం. మరీ ఎర్రగున్నదన్నరు."

"ఎర్రమట్టి ఎర్రగుండక ఎట్లుంటది?" అంది.

బయటికి వచ్చాక చేను యజమాని నా చేయి రెండు చేతులా పట్టుకున్నాడు. "సినిమా మస్తుగున్నది భాయ్. జర ఒక్క మాట. మా చేను ఎప్పుడొచ్చింది? మా ఇంట్ల అడుగుతున్నది." అతని వెనక ఆమె నవ్వుతూ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో చెప్పాను. "అచ్ఛా, గదేనా!" అన్నాడు మర్యాదగా. నా తరఫున అతనే ఇబ్బంది పడ్డాడు.

ఇంటికి వచ్చాక అక్క చాయ్ పెట్టి ఇచ్చింది. "గీ పని ఇడ్సిపెట్టరాదు తమ్మీ?"

"ఇడ్సిపెట్టి ఏం చెయ్యాలె?"

అంతలో ఫోన్ మోగింది. వేరే దర్శకుడు. అమలాపురం దగ్గర లొకేషన్ ఖాయమైందనీ, ఆదివారం బయల్దేరగలరా అనీ అడిగాడు. వస్తానన్నాను. అక్క అంతా వింది. లోపలికి వెళ్లి దిండు తెచ్చి మంచం మీద వేసింది.

"ముందుగాల జర పండుకో," అంది.

రోడ్డు మీద చెరకు లారీల హారన్లు వినపడుతుండగానే నిద్రపోయాను.