ఇంటిపేరు అడిగే దుబాసీ

మొన్న సబ్బు కొనుక్కుందామని బజారులో చీనా ఆయన కొట్టుకు వెళ్ళాను. ఆయన పినాంగు నుంచి అప్పుడే వచ్చిన జాడీ మూత తీస్తున్నాడు. పంచదార పాకంలో ఊరిన జాజికాయ. ఆ ఘాటూ తీపీ కలిసిన వాసన ముక్కుకు తగలగానే నా భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి. వెనక నుంచి ఎవరో "రాశావా? అంతా రాశావా?" అని అరవబోతున్నట్టే అనిపించింది. కొట్టాయన "బాగుస్ లా, బాగుస్" అని మలాయి మాటలో మెచ్చుకుంటూ ఓ ముక్క నా చేతిలో పెట్టాడు. తినలేకపోయాను. పదిహేడేళ్ళ పాటు ఆ వాసన పక్కనే కూర్చుని కలం అరగదీసినవాణ్ణి. ఆ పదిహేడేళ్ళలో నేను విసుక్కోకుండా ఇంటికి వెళ్ళిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆ వాసన గల మనిషి పేరు జగ్గారావు గారు. మలయాలో పేరాక్ నది దిగువన మా చిన్న పట్నం కోర్టులో దుబాసీ. సాక్షి తెలుగులోనో అరవంలోనో చెప్పినదాన్ని మేజిస్ట్రేటు దొరకు ఇంగ్లీషులో చెప్పడం, దొర అడిగినదాన్ని సాక్షికి మన భాషలో చెప్పడం ఆయన పని. ఆయన నోట వచ్చిన ఇంగ్లీషును వాఙ్మూలంగా కాగితం మీద పెట్టడం నా పని. నేను రాసి, దొర సంతకం చేస్తే అదే రికార్డు. ఆయనది భీమునిపట్నం వైపు. సన్నటి మనిషి, ఎంత ఉక్కగా ఉన్నా కోటు గుండీలు మెడ దాకా పెట్టేవారు. గొంతు ఎండిపోకుండా జాజికాయ ముక్క బుగ్గన పెట్టుకునేవారు. ఆ గొంతు ఓ పూటైనా ఎండిపోతే బాగుండునని నేను చాలాసార్లు కోరుకున్నాను.

ఆ రోజుల్లో రబ్బరు ఎస్టేట్లలో మగవాళ్ళు ఎక్కువ, ఆడవాళ్ళు తక్కువ. పరాయివాడి పెళ్ళాన్ని లేవదీసుకుపోయాడన్న కేసు లేని వారం ఉండేది కాదు. నేరం రుజువు కావాలంటే ముందు పెళ్ళి రుజువు కావాలి. కూలీల పెళ్ళికి రిజిస్టరా, పురోహితుడి పుస్తకమా? అందుకని ఎవరు తాళి కట్టారు, ఏ ఊళ్ళో, ఎవరి ముందు అని సాక్షుల్ని అడగక తప్పేది కాదు. దొరకు అంతవరకు చాలు. జగ్గారావు గారికి చాలదు. పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు, తండ్రి, తాత, ఊరు, ఆ ఊరికి పక్కూరు, ఏ ఓడలో వచ్చారు, పిల్లలెందరు, ఎక్కడ పుట్టారు, అన్నీ కావాలి.

నేను కొలువులో చేరిన కొత్తలో, పెద్ద యుద్ధానికి ముందు, నరసమ్మ కేసు వచ్చింది. ఆమె మొగుడు పైల ఎర్రయ్య ఫిర్యాదీ. ఆమెను లేవదీసుకుపోయాడని ముద్దాయిగా నిలబడ్డవాడు లెంక రాములు. ముగ్గురూ ఒకే ఎస్టేటు. నరసమ్మ బోనులో నిలబడి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చంకలో ఓ పసిపిల్ల.

"పుట్టింటోళ్ళ ఇంటిపేరేటమ్మా?" అన్నారు జగ్గారావు గారు.

"కూలోళ్ళకి ఇంటిపేరెందుకు బాబూ? ఎస్టేట్లో నంబరున్నాది, అది సెప్పీమంటారా?"

"నంబరు నువ్వు పుట్టినప్పుడు పెట్టారా? ఇంటిపేరు సెప్పు."

"గేదెలోళ్ళం బాబూ."

"ఈ పిల్ల పేరేటి? ఎన్ని నెలలు? ఎక్కడ పుట్టింది?"

దొర పెన్సిలుతో బల్ల మీద కొట్టాడు. బయట వాన, లోపల ఉక్క, భోజనం వేళ దాటిపోయింది. పిల్ల సంగతి ఈ కేసుకు ఎందుకని దొర గదమాయించాడు. జగ్గారావు గారు ఎంతో వినయంగా "ఒక్క నిమిషం, యువర్ ఆనర్" అని, నరసమ్మ వైపు తిరిగి ఏ వినయమూ లేకుండా "తొరగా సెప్పు!" అన్నారు.

"గౌరమ్మ బాబూ. పదకొండు నెలలు. ఓడ దిగినాక రోగాలున్నాయేమోనని పినాంగు కాడ దీవిలో కొరంటీనులో ఎట్టీసినారు గదా, అక్కడ పుట్టినాది."

జగ్గారావు గారు ఆ మాటను ఇంగ్లీషులో చెప్పారు. నేను రాయలేదు. దొరే వద్దన్నాడు, చెయ్యి లాగేస్తోంది, ఆకలేస్తోంది, కూలీ పిల్ల ఎక్కడ పుడితే ఎవడికి కావాలి? "పసిబిడ్డతో" అన్న ఒక్క మాటతో సరిపెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను. వాఙ్మూలాన్ని సాక్షికి చదివి వినిపించాలని నియమం. ఆ పూట దొర తొందరలో అదీ జరగలేదు. రాములుకు మూడు నెలల జైలు పడింది. ఎర్రయ్య పెళ్ళాం వద్దు, పిల్లా వద్దని ఓడెక్కి దేశానికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతని జాడ లేదు. నరసమ్మ జైలు గేటు దగ్గర కాసుకుని కూర్చుని, రాములు బయటికి రాగానే అతనితో నది అవతలి ఎస్టేటుకు వెళ్ళిపోయిందని విన్నాను. అంతటితో నేను ఆ సంగతి మరిచిపోయాను.

జగ్గారావు గారు ఏదీ మరిచిపోయే మనిషి కాదు. కోర్టు అయ్యాక వరండాలో కూర్చుని, ఆనాడు విన్న పేర్లన్నిటినీ తెలుగులో తన సొంత పుస్తకంలో ఎక్కించుకునేవారు. ఇక సందేహాలు మొదలయ్యేవి. పలాసకి పక్కనా, టెక్కలికి పక్కనా? ముద్దాడ వారా, మద్దిల వారా? గొడుగు చేత్తో పట్టుకుని నిలబడ్డ నన్ను ఆపి మరీ అడిగేవారు. ఓసారి ఓర్చుకోలేక అనేశాను.

"లోకంలో ఉన్న రంకు కేసుల్లోని పేర్లన్నీ మనకెందుకండీ? చేసినవాళ్ళే దాచుకుంటూంటే మనం పోగేసుకోవడమేటి?"

ఆయన కలం కింద పెట్టారు. "ఏటయ్యా, రంకు ఒక్కటే వినబడిందా నీకు? ఓడ కాగితంలో మనోడి పేరు అప్పడు, తండ్రి రాముడు. ఊరి పేరు రాసినవాడికే తెలీదు. కిరస్తానీలకి చర్చిలో పుస్తకం ఉంది. వీళ్ళకేముంది? ఎస్టేటు నంబరు. మా చిన్నాన్న ఇక్కడ నుంచి ఆ కాగితంలో ఉన్న ఊరికి రాయించిన ఉత్తరాలు అయిదేళ్ళు తిరిగొచ్చాయి, ఆ ఊళ్ళో ఆ పేరుగలవాడు లేడని. ఈ జనం తమ తాత పేరు నోరు తెరిచి చెప్పేది ఎప్పుడు? పెళ్ళాం పోయిందని కోర్టుకొచ్చినప్పుడు. అప్పుడైనా రాసుకోకపోతే ఇంకెప్పుడు రాస్తావు?"

"ఎవరడుగుతారండీ ఇవన్నీ?"

"మనవలడుగుతారు. అడిగేనాటికి మనం ఉండం. రాసిన కాగితం ఉంటుంది. నీ చేతిరాత ఎవరికైనా అర్థమైతే!"

మా ఆవిడైతే నవ్వీ నవ్వీ చచ్చేది. "మీ కోర్టోళ్ళిద్దరికీ ఊరోళ్ళ కాపురాలు తప్ప పని లేదేటి?" అనేది. నాకూ అలాగే అనిపించేది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కాని, నరసమ్మ కేసు తర్వాత నాకు అది అలవాటైపోయింది. ఆయన అడిగిన వాటిలో కేసుకు అక్కర్లేదనిపించినవి నేనే వదిలేసేవాణ్ణి. ఆయన నన్ను నమ్మి నా కాగితాలు తిరగేసేవారు కాదు.

పదిహేనేళ్ళు గడిచాక ఓ పొద్దున నరసమ్మ కోర్టు మెట్ల మీద కనిపించింది. జుట్టు నెరిసింది. నాకు గుర్తురాలేదు. పాత కాగితం కావాలంది.

"ఏ కేసు కాగితం?"

"ఏదో కేసు బాబూ."

"ఏదో అంటే? దొంగతనమా, కొట్లాటా?"

"దొంగతనం కాదు."

"ఫిర్యాదీ ఎవరు?"

"ఎవులో ఒకులు."

గంటసేపు ఇదే వరస. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. లోపల నుంచి జగ్గారావు గారు వచ్చి, ఆమె ముఖంలోకి ఓసారి చూసి, "గేదెలోళ్ళ నరసమ్మవి గదూ?" అన్నారు. ఆమె మెట్టు మీద కూలబడి ఏడ్చింది. తర్వాత మెల్లమెల్లగా చెప్పింది.

గౌరమ్మకు సంబంధం కుదిరింది. కుర్రవాడూ పిల్లా ఒకరినొకరు ఇష్టపడ్డారు. పందిరి వేయబోతుంటే కుర్రవాడి మేనమామ పోలయ్య లేచాడు. కుర్రవాడు లెంక వాడు, పిల్ల తండ్రి రాములూ లెంక వాడే, ఒకే ఇంటిపేరుగలవాళ్ళు అన్నాచెల్లెళ్ళవుతారు, ఈ పెళ్ళి జరగదన్నాడు. పిల్ల రాములుకు పుట్టింది కాదని నరసమ్మ చెప్పింది. ఇన్నాళ్ళూ అతనే కట్టుకున్న మొగుడని చెప్పి, ఇప్పుడు కూతురి పెళ్ళికోసం మాట మారుస్తోందని అందరూ మొహాన ఉమ్మినంత పని చేశారు. గౌరమ్మకు కూడా అసలు సంగతి తెలియదు.

"ఆ దినం కోర్టులో, ఎస్టేటుకొచ్చి రాములుని సూడకముందే పిల్ల దీవిలో పుట్టినాదని సెప్పినాను గదా బాబూ. ఆ ముక్క సర్కారు కాగితంలో ఉంటాది గదా. అది పోలయ్యకి సూపిస్తే సాలు, పిల్లకి తెలియనక్కర్లేదు. దానికి తెలిస్తే దాని అయ్య... రాములు సచ్చిపోతాడు బాబూ. అదంటే వాడికి పేనం."

జగ్గారావు గారి ముఖం వెలిగిపోయింది. "చూశావా? అడిగేది ఎవరన్నావు!" అని నా వీపు మీద ఓ చరుపు చరిచి రికార్డు గదిలోకి నడిచారు. చెదలు ఆ కట్టను తినేసి ఉండాలని మొక్కుకుంటూ ఆయన వెనకే నడిచాను. కట్ట దొరికింది. ఏడో కాగితం దొరికింది. ఆయన చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. "పసిబిడ్డతో" అన్న మాట దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

"పేరేదీ? ఊరేదీ?"

దొర వద్దన్నాడని నేనేదో గొణిగాను. ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. పదిహేనేళ్ళలో అదే మొదటిసారి. అరిస్తే బాగుండునని నేను అనుకోవడమూ అదే మొదటిసారి.

"ఇప్పుడు రాసేస్తే?" అన్నాను. "సిరా తేడా తెలియకుండా..."

"అప్పుడు రాయనిది ఇప్పుడు రాస్తే దొంగ సాక్ష్యమయ్యా." అంతే అన్నారు.

ఆ ఆదివారం పొద్దున తన సొంత పుస్తకం చంకన పెట్టుకుని పడవలో నది దాటారు. నన్నూ రమ్మన్నారు. కూలీ లైన్ల ముందు పెద్దలు కూర్చున్నారు. ముందు పోలయ్యను ఓ పక్కకు పిలిచి చూపించారు. పోలయ్య ఊరుకోలేదు, అందరికీ వినబడేటట్టే మాట్లాడాడు.

"మీ పుస్తకంలో మీరేటి రాసుకున్నా ఎవుడు నమ్ముతాడు దుబాసీ గారూ? ముద్రేది? దొర సంతకమేది? సర్కారు కాగితం ఉంటే సూపించండి, లేకపోతే ఎల్లండి."

జగ్గారావు గారు నా వైపు చూడలేదు. పుస్తకం మూసి చంకన పెట్టుకున్నారు. అప్పుడు వెనక నుంచి రాములు ముందుకు వచ్చాడు. బక్కగా, నడుం వంగి ఉన్నాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ పుస్తకంలో ఉన్నది నిజమే. పిల్ల నాది కాదు. పైల ఎర్రయ్యది. నాను దాని తల్లిని లేవదీసుకొచ్చినాను, జైలుకెల్లినాను. అప్పటికే పిల్లకి పళ్ళొచ్చినాయి. గౌరి తల మీద సెయ్యేసి సెప్పమన్నా సెప్తాను."

గుమ్మంలో నిలబడ్డ గౌరమ్మ "అయ్యా!" అంది. రాములు అటు తిరగలేదు. మొగుడు బతికున్న ఆడదాన్ని తెచ్చుకున్నానని, జైలు కూడు తిన్నానని పదిమందిలో ఒప్పుకున్నవాడి మాటకు ముద్ర అక్కర్లేకపోయింది. పోలయ్య అంతటివాడూ తల దించుకున్నాడు. పెళ్ళి జరిగింది, పైల వారి ఆడపిల్లగా. కన్యాదానానికి రాములు పీటల మీద కూర్చోకూడదన్నారు. లెంక వాడు లెంక వాళ్ళకు పిల్లనెలా ఇస్తాడని మళ్ళీ ఓ పంచాయితీ! ఈ జనంతో వేగడం బ్రహ్మతరం కాదు. అతను పందిరి వెనక అన్నం గుండిగల దగ్గర నిలబడ్డాడు. తాళి కట్టించుకున్నాక గౌరమ్మ కొంగుముడితోనే, మొగుణ్ణి లాక్కుంటూ వెళ్ళి ముందుగా అతని కాళ్ళకే దండం పెట్టింది. రాములు మసి చేతులు వెనక దాచుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో నేను క్షమాపణ చెప్పబోయాను. జగ్గారావు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకెందుకు చెబుతావు? ఆ ఒక్క ముక్క కాగితమే చెప్పేస్తే, రాములు నోరు విప్పే పని లేకపోయేది. పోలయ్యకు మాత్రమే తెలిసేది. గుట్టుగా పోయేది." జాజికాయ ముక్క బుగ్గన పెట్టుకుని మళ్ళీ అన్నారు. "అడిగేటప్పుడు అంతా అడగాలయ్యా. ఇంకోడికి చూపించేటప్పుడు కావలసినంతే చూపించాలి. మనమేమో అడగడానికి సిగ్గుపడతాం, చాటడానికి సిగ్గుపడం."

రెండేళ్ళకు ఆయన కొలువు విరమించి పినాంగులోని జార్జ్ టౌన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడే పోయారని ఉత్తరం వచ్చింది. పుస్తకాలన్నీ నాకే వదిలి వెళ్ళారు. పెళ్ళి సంబంధాలు చూసుకునేవాళ్ళు, దేశంలో అన్నదమ్ముల్ని వెతుక్కునేవాళ్ళు ఇప్పుడు మా ఇంటికి వస్తూ ఉంటారు. ఎవరికి ఏ వరుస కావాలో అదొక్కటే చదివి వినిపిస్తాను. కింది వరుసలో వాళ్ళ అమ్మమ్మ ఎవరితో వెళ్ళిపోయిందో ఉంటుంది. అది నా అరచేతి కిందే ఉండిపోతుంది. ఇక నా కాగితాల సంగతి. ఆ ఆదివారం తర్వాత నేను ఒక్క పేరూ వదల్లేదు. దొరలు మారారు, అందరూ నా మీద విసుక్కున్నవాళ్ళే. నా పక్కన కూర్చునే కొత్త గుమాస్తా అయితే పళ్ళు నూరుతాడు.

నరసమ్మ వాఙ్మూలం ఏడో కాగితం ఇవాళ ఎవరు తీసి చూసినా అందులో ఏ లోపమూ కనిపించదు. వరుసలు తిన్నగా ఉంటాయి, ఎక్కడా కొట్టివేత లేదు, కింద దొర సంతకం. నాకు తెలిసినంతలో నేను రాసినవాటిలో అంత శుభ్రమైన కాగితం మరొకటి లేదు.