కామా నది నీటిమట్టాలు

అర్సేనీ ఆ శీతాకాలమంతా గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. సగం జీవితం రష్యాలోని కామా నది మీద ఓడలు నడిపిన సరంగు. మోకాళ్ళు మొరాయించాక ఒడ్డున పడ్డాడు. డాక్టరు వచ్చి చూసి ఒంట్లో ఏ జబ్బూ లేదన్నాడు. మరి సూపు ఎందుకు ముట్టడు, పిలిస్తే ఎందుకు పలకడు అని అడిగితే ఆ పెద్దమనిషి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మొగుడు కళ్ళముందే కరిగిపోతుంటే రిమ్మా చేతులు ముడుచుకుని కూర్చోగలదా?

ఆమెకు రేడియో గుర్తొచ్చింది. వెనకటి రోజుల్లో మధ్యాహ్నం పూట ఒకావిడ నదుల నీటిమట్టాలు చదివేది. ఊరి పేరు, అంకె, కాస్త ఆగడం, మళ్ళీ ఊరి పేరు. ఆ గొంతు వింటే నది మనిషి లేచి కూర్చుంటాడని రిమ్మా ఆశ.

ఇంట్లో కంప్యూటర్ ఉంది. ఆమె పనిచేసిన డిజైన్ ఆఫీసు మూతపడుతూ జీతానికి బదులు అంటగట్టిన సరుకది. ఇంటర్నెట్లో రష్యన్ మాట ఇంకా అక్కడక్కడే వినపడుతున్న కాలం. వారాల తరబడి వెతికింది. పాటలు దొరికాయి, ఉపన్యాసాలు దొరికాయి, అగ్గిపెట్టెంత కిటికీలో ఆగి ఆగి కదిలే బొమ్మల సినిమాలు దొరికాయి. నీటిమట్టాలు ఎవరు దాచిపెడతారు? చివరికి నొవొసిబిర్స్క్‌లో ఎవరో పుణ్యాత్ముడు పాత రేడియో చప్పుళ్ళన్నీ పోగేసిన పేజీలో, ఉరుములకీ ట్రాము గంటలకీ మధ్య, అది కనిపించింది. రిమ్మా కుర్చీలోనే ఏడ్చేసింది.

కానీ దాన్ని దించుకోవాలంటే ఫోను లైను గంటల తరబడి కావాలి. ఆ లైను పక్కింటి ఫయీనాతో ఉమ్మడి. ఒకరు వాడుతుంటే రెండో ఇంట్లో ఫోను మూగబోతుంది. అవసరమైతే గోడలోంచి పోయే వేడినీళ్ళ గొట్టం మీద గరిటెతో కొట్టడం ఆ మేడలో మర్యాద. ఫయీనాకి రోజూ చెల్లెలితో రక్తపోటు ముచ్చట్లు. ఆమె టంగుటంగుమని కొట్టేది, రిమ్మా లైను వదిలేది, అంతవరకూ దిగినదంతా గంగపాలు, కాదు, కామాపాలు. మళ్ళీ మొదటినుంచీ మొదలు.

మూడోసారికి రిమ్మా క్యాబేజీ కూరి కాల్చిన పిరోగ్ రొట్టె పట్టుకుని పక్కింటి తలుపు తట్టింది.

"ఈ ఒక్క మధ్యాహ్నం మీ చెల్లెలితో మాట్లాడకుండా ఉండవే, తల్లీ. ఫోను లైన్లోంచి మా ఆయన నది దించుకోవాలి."

"ఫోన్లోంచి నది దించుతున్నావా? మతి గానీ పోయిందా?" అంది ఫయీనా. పిరోగ్ మాత్రం అందుకుంది. "నిజంగా దించుతున్నావో లేదో నేనే వచ్చి చూస్తా పద."

ఊలుబుట్టతో వచ్చి తెరముందు కాపలా కూర్చుంది. బయట మంచు తొందర లేకుండా రాలుతోంది. తెరమీద, ఎంత దిగిందో చూపే నీలం గీత అంతకన్నా నెమ్మదిగా సాగుతోంది. చూస్తూ చూస్తూ ఫయీనా కునుకు తీసింది. గది ఎక్కడికో మెల్లగా తేలిపోతున్నట్టు అనిపించి రిమ్మాకి కూడా కళ్ళు మూతలు పడ్డాయి. తెరిచేసరికి గీత నిండింది.

మంచమున్న గది తలుపు బార్లా తీసి, మీట నొక్కింది. గరగరల మధ్యనుంచి ఆ గొంతు వచ్చింది. ఒఖాన్స్క్. ఒసా. సారపుల్.

అర్సేనీ ఇటు తిరిగాడు.

"ఏంటిది, రిమ్మా?"

"నీ నది, సేన్యా," అంది, ముద్దుపేరుతో పిలుస్తూ. "నీకోసమే తెచ్చా."

"మేమెప్పుడు విన్నాం ఇది? చుక్కాని పట్టుకున్నవాడు నీళ్ళు చూస్తాడు గానీ రేడియో వింటాడా? ఈ గోల ఎవరు వినేవారో!"

"దీనికోసమా మా చెల్లెలి నోరు కట్టేశావు!" అంది నిద్రలేచిన ఫయీనా.

రిమ్మా అర్సేనీ వైపు తిరిగింది.

"నేను వినేదాన్ని," అంది. "రోజూ. సారపుల్ దగ్గర నీళ్ళు తగ్గితే నువ్వు ఆలస్యం. ఆ రోజు పిండి కలిపేదాన్ని కాదు. పెరిగాయో, తలంటుకుని నీలం గౌను ఇస్త్రీ చేసుకునేదాన్ని. నువ్వెక్కడున్నావో నాకు ఆవిడే చెప్పేది."

ఇన్ని వారాలూ తను వెతికింది ఎవరికోసమో అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి. సిగ్గేసింది. ఆపేద్దామని చెయ్యి చాచింది.

"ఉండనీ," అన్నాడు అర్సేనీ. మోచేతి మీద లేచి, దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఫయీనా ఊలు సర్దుకుని, జన్మలో మొదటిసారి మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఆ గొంతు చిస్తోపోల్ దాకా చదివి ఆగింది. అర్సేనీ కాసేపు లెక్క వేసుకున్నాడు.

"సారపుల్ దగ్గర నీళ్ళు తగ్గాయి. అంటే ఆ రోజు నేను రాలేదు," అన్నాడు. "మరి నువ్వేం చేశావే?"