అరగని టైర్లు

నేను కారు నేర్చుకున్నది నలభై ఎనిమిదో ఏట. టేకులపల్లి దాటాక అడవిలో ఉన్న ఒక చిన్న ఊరి బడికి నన్ను బదిలీ చేశారు. బస్సు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. అందుకని కల్లూరులో ఒక రిటైరైన ఆఫీసరు దగ్గర పాత కారు కొన్నాను. ఆయన దాన్ని ఏడేళ్లు షెడ్డులోనే ఉంచి, పెళ్లిళ్లకు మాత్రమే బయటికి తీసేవాడు. టైర్లు ఇంకా కొత్తవాటిలా నల్లగా ఉండేవి.

రెండేళ్లు ఆ టైర్ల మీదే తిరిగాను. మెయిన్ రోడ్డు మీద ఒక పంక్చర్ షాపు ఉంది. దాన్ని నడిపేది నాకంటే చిన్నదైన ఒక ఆడమనిషి. వారానికొకసారి అక్కడ గాలి కొట్టించుకునేదాన్ని. సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన వారంలో ఆమె గాలి పైపు పక్కన పెట్టి, చక్రం ముందు కూర్చుంది.

"టీచరమ్మా, ఇగ ఈ టైర్లు మార్చుర్రి."

"ఎందుకు చెల్లె? గ్రిప్పు చూడు, సగం కూడా అరగలేదు."

"అరగలే. కానీ ముసలివైనయ్. గిట్ల వంగి చూడుర్రి."

వంగి చూశాను. టైరు పక్క భాగమంతా నీళ్లింకిన చెరువు మట్టిలా సన్నగా నెర్రెలు విచ్చి ఉంది. రబ్బరు మీద అచ్చేసిన నాలుగు అంకెల మీద ఆమె వేలు పెట్టింది. మొదటి రెండూ టైరు తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం అని చెప్పింది. లెక్క వేసుకుంటే తొమ్మిదేళ్లు దాటాయి. రెండేళ్లుగా ఆ అంకెలు నా ముందే ఉన్నా, ఒక్కసారీ నా కంట పడలేదు.

"ఎండాకాలం పోయినంక చూద్దాంలే," అన్నాను. చీర పేలికలైతే తప్ప పాతదని ఒప్పుకోని ఇంట్లో పెరిగాను. అరగని వస్తువును పారేయడానికి మనసు రాలేదు.

ఆమె గాలి కొట్టి పంపింది. నెల తిరిగాక ఒక శుక్రవారం సాయంత్రం ఎప్పటిలాగే గాలి కోసం ఆగాను. ఆదివారం కొత్తగూడెంలో గురుకులం ప్రవేశ పరీక్ష ఉంది. మా బడి నుంచి నలుగురు ఆడపిల్లలు రాస్తున్నారు. అంతకుముందు ఏడు బస్సు రాక ఇద్దరు పరీక్షే రాయలేకపోయారు. అందుకే ఈసారి నేనే తీసుకెళ్తానని తల్లిదండ్రులకు మాటిచ్చాను. ఆ సంగతి సంబరంగా ఆమెకు చెప్పాను.

ఆమె చేతిలోని గాలి పైపు కింద పెట్టేసింది.

"పిల్లల్ని ఎక్కించుకొని ఈ టైర్ల మీద పోతరా? నేనైతే గాలి కొట్ట."

నాకు కోపం వచ్చింది. "ఏంది చెల్లె, గట్లంటవ్?"

"మా ఇంటాయన ఆటో టైరు గూడ గిట్లనే ఉండె," అంది. "మంచి గ్రిప్పు. మిర్చి ఏరే కూలోళ్లను ఎక్కించుకొని ఎర్రుపాలెం దిక్కు పోతుంటే ఎండకు ఫట్టున పగిలింది. ఆటో బోల్తా పడ్డది. అందరి పాణాలు దక్కినయ్. ఈయన కాలు మాత్రం రెండు తావుల ఇరిగింది. అప్పటిసంది ఈ షాపు నేను చూస్తున్న."

రెండేళ్లుగా ఆ షాపు వెనక గదిలో మంచం మీద కూర్చుని ట్యూబులకు ప్యాచీలు అతికిస్తున్న మనిషిని చూస్తూనే ఉన్నాను. ఎందుకలా కూర్చుంటాడో ఎన్నడూ అడగలేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

"రేపే మారుస్త," అన్నాను.

"డిక్కీలది గూడ మార్చుర్రి. అది రోడ్డు మీదికి రాకున్నా, దాని వయసూ గంతే గదా."

శనివారం బడి అయ్యాక నిదానంగా కొత్తగూడెం వెళ్లాను. టైర్ల షాపాయన ఒక పాత టైరును ఊడదీసి రెండు చేతులతో వంచి చూపించాడు. నెర్రెలు నోళ్లు తెరిచాయి. ఒకచోట లోపలి దారాలు కనిపించాయి. కొన్ని గంటల తర్వాత దాని మీద నలుగురు పిల్లలు ఎక్కేవాళ్లు! ఐదూ మార్పించాను.

ఆదివారం పొద్దున్నే పిల్లలు తలలకు నూనె రాసుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నారు. ముగ్గురు ఎన్నడూ కారెక్కలేదు. దారి పొడవునా ఎక్కాలు ఒప్పజెప్పుకున్నారు. పరీక్షకు గంట ముందే చేరాం.

ఎండాకాలంలో ఫలితాలొచ్చాయి. ముగ్గురికి సీట్లు దొరికాయి. దొరకని పిల్ల రెండు రోజులు మా ఇంటి వైపు రాలేదు. మూడో రోజు గడపలో నిలబడి, "మేడం, వచ్చే ఏడు గూడ రాయొచ్చా?" అని అడిగింది.

"అవ్, రాయొచ్చు."

"మళ్ల కార్లనే తీస్కపోతరా?"

"తీస్కపోత. ఈసారి ముందు సీటు నీదే," అన్నాను. లోపలికొచ్చి లెక్కల పుస్తకం తెరిచింది.