సుద్దపొడి చల్లిన ఇంజన్

నా చిన్నప్పుడు మా వాకిట్లో మోటర్ సైకిల్ నిలబడి ఉందంటే బాపు, అంటే మా నాన్న, ఇంట్లో ఉన్నట్టే. వేములవాడ దగ్గరి మా పల్లెలో అలాంటి బండి అదొక్కటే. వయసులో నాకంటే చాలా పెద్దది. ఎవరో వాడి వదిలేసిన దాన్ని బాపు తెచ్చి, ఒక్కో భాగం బాగు చేయించుకుని నడిపేవాడు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి బండి వాకిట్లోనే ఉంది. బాపూ అని పిలుస్తూ లోపలికి పరుగెత్తాను. అవ్వ, అంటే మా అమ్మ, ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బాపు ఆ మధ్యాహ్నమే దుబాయికి బయలుదేరాడట. పది రోజుల ముందు నుంచే ఇంట్లో అందరికీ తెలుసు. చెబితే ఏడుస్తానని నాకొక్కదానికే చెప్పలేదు.

నేను ఏడవలేదు. ఆ రోజు నుంచి బాపు మాటే ఎత్తలేదు. మా ఊళ్ళో తండ్రులు దుబాయికి పోయిన పిల్లలు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళు కొత్త పెన్నులు, కొత్త బట్టలు చూపించుకుంటుంటే నేను దూరంగా పోయి కూర్చునేదాన్ని. ఎవరూ పట్టించుకోలేదు. పిల్ల మంచిగానే ఉంది, ఏడుస్తలేదు అనుకున్నారు.

కొన్నాళ్ళకు బాపు, ఊరికి వస్తున్న ఒకాయన చేతికి టేప్ రికార్డర్ ఇచ్చి పంపాడు. ఉత్తరం రాయడం రాని ఇళ్ళలో అప్పుడు అదే ఉత్తరం. క్యాసెట్టులో మాటలు నింపి, దుబాయికి పోయేవాళ్ళ చేత పంపేవాళ్ళు. మా ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని మాట్లాడేవారు. మంచం మీది నుంచి లేవలేని నాయనమ్మ తన మోకాళ్ళు నయమయ్యాయని చెప్పేది. బాయి ఎండిపోయిన ఏడు కూడా పంట బాగుందని అవ్వ చెప్పేది. చివర అందరి మాటా ఒక్కటే, మేం మంచిగున్నం, ఫికర్ చెయ్యకు అని. నా వంతు వచ్చేసరికి నేను నోరు బిగపట్టేదాన్ని. బాపు నుంచి వచ్చిన ప్రతి క్యాసెట్టు చివర ఒకే ప్రశ్న ఉండేది. “బిడ్డ ఏది? బిడ్డ మాట ఇనొస్తలేదు.” అది పక్క గదిలోంచి విని, కొట్టంలో పెట్టేసిన బండి పక్కకు పోయి కూర్చునేదాన్ని.

ఆరేడు నెలలు ఆ బండిని ఎవరూ ముట్టలేదు. తర్వాత మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, దాన్ని నడపడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి నూనె కారడం మొదలైంది. కాసేపు తిరిగి వస్తే చాలు, ఇంజన్ పక్క మూత చుట్టూ నల్లగా చెమ్మ పట్టి, కింద నేల మీద మరకలు పడేవి. చిన్నాయన పానా తీసుకుని బోల్టులు బిగించాడు. మళ్ళీ కారింది. ఇంకా బిగించాడు. సబ్బు రుద్దాడు. చివరికి ఒక బోల్టు మర అరిగిపోయి ఊరికే తిరగసాగింది. విసిగిపోయి, దీన్ని ఇనుప సామానుకు వేసేద్దామన్నాడు. బాపు మీద అంత కోపం ఉన్నా, ఆ బండి పోతే మాత్రం ఇంట్లో ఆయనది ఇంకేమీ మిగలదనిపించింది.

అవ్వ కబురు పెడితే మంచిర్యాల నుంచి మా తాత వచ్చాడు. తాత అంటే అవ్వ తండ్రి. బొగ్గు బావుల పనిలో యంత్రాలు బాగు చేసి చేసి పదవీ విరమణ చేసినవాడు. తక్కువ మాట్లాడేవాడు. అమ్మమ్మ పోయాక ఆ మాటలు ఇంకా తగ్గాయి.

మర్నాడు పొద్దున తాత బండిని వాకిట్లోకి తెచ్చి, గ్యాసునూనెలో, అంటే కిరోసిన్‌లో, గుడ్డ ముంచి ఇంజన్‌ను శుభ్రంగా తుడిచాడు. దాని ఇనుము అంత మెరుస్తుందని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత నన్ను పిలిచి, బడిలోంచి తెచ్చుకున్న సుద్దముక్కలు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. ఇచ్చాను. వాటిని మెత్తగా దంచి, ఆ పొడిని మూత చుట్టూ, బోల్టుల మీద చల్లమన్నాడు. ఇంజన్ తెల్లగా అయింది. కిక్కు కొట్టి, నన్ను దాని ఎదురుగా కూర్చోబెట్టి, ముందుగాల ఏడ తడుస్తదో చూడమన్నాడు.

కళ్ళార్పకుండా చూశాను. పైఅంచున ఒకచోట పొడి నల్లబడింది. చూపించబోయేలోగా ఒక బోల్టు దగ్గర నల్లబడింది. ఆ వెంటనే కింద ఇంకోచోట. తాత బండి ఆపేసి, వంగి ఆ మూడు చోట్లనూ చూశాడు.

“మూడు కాడ్ల కారుతుంది బిడ్డా. గిది మూత తప్పు ఒక్కటే కాదు. లోపట గాలి ఆడ్తలేదు” అన్నాడు.

ఇంజన్ పైభాగంలో చిటికెన వేలంత గొట్టం ఒకటి ఉంది. తాత సైకిల్ పుల్ల తెచ్చి అందులో గుచ్చి తిప్పాడు. గట్టి మట్టి పొడిపొడిగా రాలింది. బండి ఊరికే నిలబడి ఉన్న ఆ నెలల్లో ఏదో పురుగు అందులో మట్టిగూడు కట్టుకుంది. ఇంజన్ వేడెక్కితే లోపలి ఆవిరి ఆ గొట్టంలోంచి బయటికి పోవాలట. ఆ దారి మూసుకుపోతే అది సందు దొరికిన చోటల్లా నూనెను తోసుకుని వస్తుందట.

“మీ చిన్నాయన బిగించిండు, బిగించిండు. బిగిస్తే ఆగుతదా?” అన్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

తర్వాత మూత విప్పాడు. మూతకూ ఇంజన్‌కూ మధ్యలో ఉండే కాగితపు ప్యాకింగ్ నలిగి చినిగిపోయి ఉంది. దళసరి అట్ట ఒకటి తీసుకుని మూత అంచు మీద పెట్టి, చిన్న సుత్తితో తట్టుకుంటూ కొత్తది కత్తిరించాడు. మర పోయిన చోట కొంచెం పెద్ద బోల్టు వేశాడు. ఒక బోల్టు తర్వాత దానికి ఎదురుగా ఉన్న బోల్టు, అలా కొంచెం కొంచెంగా బిగించాలని చెప్పి పానా నా చేతికిచ్చాడు. నా చేతి బలం చాలునన్నాడు. మళ్ళీ సుద్దపొడి చల్లి, కిక్కు కొట్టి, ఇద్దరం కూర్చుని చూశాం. పొడి తెల్లగానే ఉండిపోయింది.

చేతులు కడుక్కుని తాత టేప్ రికార్డర్ తెచ్చి అరుగు మీద పెట్టాడు. “బండి మంచిగైందని మీ బాపుకు చెప్పు. నువ్వే బిగించినవు గదా” అన్నాడు. ఎర్ర మీట నొక్కి, తను పోయి వాకిట్లో పానాలు సర్దుకోసాగాడు.

బండి మంచిగైంది అని మొదలుపెట్టాను. ఆ తర్వాత ఏం జరిగిందో నాకే తెలియదు. “నాకు చెప్పకుంట ఎందుకు పోయినవ్? నువ్వు ఇంట్ల ఉన్నవనుకొని ఉరికొచ్చిన. నువ్వంటె నాకు ఇష్టం లేదు. నాయనమ్మ లేస్తనే లేదు. అవ్వ చాటుకు ఏడుస్తది. మేం మంచిగ లేం” అని అరిచాను. అరుస్తూ, అన్ని నెలల తర్వాత మొదటిసారి ఏడ్చాను.

అవ్వ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పరాయి దేశంలో ఉన్న మనిషికి ఇవా చెప్పేది, తుడిపెయ్యి బాపూ అంది తాతతో. తాత క్యాసెట్టు తీసి అంగీ జేబులో వేసుకున్నాడు.

“గట్లనే పోనీ బిడ్డా. మీరు ఎన్నడన్న గాయనకు నిజం చెప్పిండ్రా?”

ఆ క్యాసెట్టు పోయాక బదులు చాలా రోజులు రాలేదు. ఆ రోజులు నాకు ఇప్పటికీ గుర్తే. నా మాటలకు కోపం వచ్చి బాపు ఇక ఎప్పటికీ రాడని అనుకున్నాను. ఆ భయం ఎవరికీ చెప్పలేక, బడిలో వెనక బల్ల మీద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని.

చివరికి క్యాసెట్టు వచ్చింది. నాయనమ్మ గురించి, అవ్వ గురించి అడిగాక బాపు నా పేరు పిలిచాడు. “తప్పు నాదే బిడ్డా. ఇంతమంది మాటలు ఇంటున్న గని, నాకు నా ఇల్లు కనవడ్డది నీ మాటల్లనే” అన్నాడు.

బాపు రెండేళ్ళకు వచ్చి, రెండు నెలలుండి మళ్ళీ పోయాడు. అలా చాలాసార్లు వచ్చాడు, పోయాడు. నా చిన్నతనమంతా ఆయన లేకుండానే గడిచింది. ఆ ఒంటరితనం తగ్గిందని చెబితే అబద్ధమవుతుంది. కానీ పోయే ప్రతిసారీ నాకు ముందుగా చెప్పాడు. నేను బస్సు దగ్గర నిలబడి ఏడ్చాను.

ఇప్పుడు కరీంనగర్‌లో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. తాత లేడు, బాపు లేడు, నాతో ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషీ లేడు. బాపు మొదటిసారి వచ్చిపోయాక పుట్టిన నా చెల్లెలు రోజూ సాయంత్రం ఫోన్ చేసి, ఎట్లున్నవ్ అక్కా అని అడుగుతుంది. మంచిగున్ననని చెప్పి పెట్టేయడం చాలా సులువు. బాగున్న రోజు అదే చెబుతాను. బాగా లేని రోజు మాత్రం, “ఇయ్యాల మంచిగ లేనే, జర సేపు మాట్లాడు” అంటాను.